మణిధ్వజపురం గోపురానికి పట్టిన తేనె

ఆ రోజు పొద్దున ఆకాశం తూర్పున ఎర్రబడి, పడమట ఇంకా వానమబ్బు పట్టుకుని, ఎటూ తేల్చుకోలేక నిలబడింది. చినుకు పడలేదు, ఎండా రాలేదు. నల్లకొండ మీద తేనె దించే జోగన్న గుడిసె ముందు నిలబడి పైకి చూసి, "ప్రయాణానికి మంచిదే. కాళ్లు కాలవు," అన్నాడు.

"తడిస్తే?" అన్నాడు బామ్మర్ది బుడ్డన్న.

"తడిస్తే ఆరతాం."

వాళ్లు బయల్దేరుతున్నది రాజధాని మణిధ్వజపురానికి. ఒకప్పుడు పంటలు ఇంటికి చేరగానే పల్లెల వాళ్లు బండ్లు కట్టుకుని ఆ ఊరు చూడటానికి వెళ్లేవారు. రంగశాలలో నాటకం చూసి, మబ్బుల్ని తాకే గోపురం ఎక్కి, పూటకూళ్ల ఇంట్లో కడుపునిండా తిని, మళ్లీ పంటల దాకా ఆ కబుర్లే చెప్పుకునేవారు.

ఇప్పుడు ఆ ఊరికి ఏదో పట్టింది. ఒకే బండిలో వెళ్లినవాళ్లు అక్కడ ఒకరినొకరు మరిచిపోతున్నారు. తల్లి పక్క నుంచే బిడ్డ నడిచిపోతుంది, ఇద్దరూ తల తిప్పరు. రాజు చంద్రకేతుడూ, రాణీ ఒకే మేడలో ఉంటూ, "ఆ ఎదురు గదిలో ఉండేది ఎవరు?" అని దాసీలను అడుగుతున్నారట. తనదేదో పోయిందని రాజుకు తెలుసు గాని, పోయిందేమిటో తెలియదు. ఈ కీడు వదిలించినవాళ్లు ఏది కోరితే అది ఇస్తానని మాత్రం చాటింపు వేయించాడు.

జోగన్న భార్య చుక్కమ్మ ఎండాకాలంలో తేనెకుండలు అమ్ముకు వస్తానని ఆ ఊరు వెళ్లింది. తిరిగి రాలేదు. ఉప్పు అమ్మే వర్తకుడొకడు ఆమెను పూటకూళ్ల ఇంట్లో వడ్డిస్తుండగా చూశాడు. "అమ్మా, మీ పిల్ల పైడి ఎదురుచూస్తోంది," అంటే, "పైడి ఎవరు?" అని అడిగి, పప్పు వడ్డించి పక్క విస్తరికి వెళ్లిపోయిందట.

ఆ మాట విన్నప్పుడు పైడి ఏడవలేదు. దూలానికి వేలాడే తేనెతాడు దించి, అది ఎక్కడ నలిగిందో వేలితో తడిమి చూసి, నలిగిన చోట కొత్త నార పేనడం మొదలుపెట్టింది.

"అందరం వెళ్దాం," అంది నార పేనుతూనే. "ఊరు చూడటానికి వచ్చినవాళ్లనైతేనే ద్వారం దగ్గర రానిస్తారట. ముందు నాటకం, తర్వాత గోపురం, ఆఖర్న భోజనం. అక్కడి పద్ధతి అది."

"ముందు తిండి పెట్టొచ్చుగా," అంది నాయనమ్మ సింగమ్మ. "కడుపు కాలుతుంటే నాటకంలో రాజెవడో బంటెవడో నాకేం తెలుస్తుంది?"

"నాకు నాటకమే ముందు," అన్నాడు జోగన్న. "చిన్నప్పుడు తిరనాళ్లలో ఒకటి చూస్తుంటే సగంలో వాన వచ్చింది. ఆ రాక్షసుడు చచ్చాడో లేదో ఇప్పటికీ తెలియదు."

"గోపురం మీంచి సముద్రం కనిపిస్తుందట బావా. నేనది చూడకుండా రాను," అన్నాడు బుడ్డన్న.

పైడి ముగ్గురి మొహాలూ చూసింది. "అన్నీ చూద్దాం. కానీ ఎవరి దోవ వారు పట్టకండి. అమ్మ అలాగే పోయింది."

తేనె దించేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. కొండచరియ మీద మనిషి కిందికి దిగితే, పైన తాడు పట్టేది అతని భార్యకు తోడబుట్టినవాడే. తాడు జారితే పోయేది తన అక్క పసుపుకుంకుమలు కాబట్టి వాడు వదలడు. తాడు మీద మనిషి ఉన్నంతసేపు ఎవరూ నోరు విప్పరు, ఈగలు రేగుతాయి. కిందివాడు ఒక్కసారి గుంజితే తాడు వదులు చేయాలి. వెంటవెంటనే రెండుసార్లు గుంజితే పైకి లాగాలి. జోగన్న పెళ్లయిన నాటి నుంచీ అతని తాడు బుడ్డన్న చేతిలోనే ఉంది.

అడవి దారిలో వాళ్లకు ముసలి ఎలుగుబంటి ఒకటి అడ్డుకూర్చుంది.

"జోగన్నా, ఆగు," అంది అది. "నా కోనలో పట్టులన్నీ నువ్వే ఎత్తుకుపోతే నేను తినేదేమిటి? సుంకం పెట్టి కదులు."

జోగన్న తెల్లబోయాడు. పైడి మాత్రం మూటలోంచి తేనెముంత తీసి దాని ముందు పెట్టింది. "తిను తాతా. మేం మణిధ్వజపురం వెళ్తున్నాం. దాని సంగతి నీకేమైనా తెలుసా?"

ఎలుగు ముంతలో మూతి పెట్టి, తీరిగ్గా నాకి, అప్పుడు చెప్పింది. "ఆ ఊరి తేనెటీగలు పూల మీద వాలవు పిల్లా. మనుషుల నుదుటి మీద వాలతాయి. పూటకూళ్ల ఇల్లు నడిపే తామ్రజిహ్వ పెంచిన ఈగలు అవి. దానికి నా అన్నవాళ్లు లేరు. ఇంకెవరికీ ఉండకూడదని పంతం పట్టింది. తనవాళ్లను వదిలి విడిగా కూర్చున్న మనిషి మీద ఈగ వాలుతుంది, వాలి వాడికి తనవాళ్ల గురించి ఉన్న జ్ఞాపకమంతా పీల్చుకుపోతుంది. అదంతా గోపురం చూరు కింద పట్టులో ఉంది. ఆ తేనె నాలిక మీద పడితే పోయిన జ్ఞాపకం తిరిగొస్తుంది. నాకు అందలేదు గాని, అందితే నేనే తినేసేవాణ్ణి."

"పోనీలే, అందలేదు," అంది సింగమ్మ.

"పట్టుకున్న చెయ్యి వదలకండి. తనవాళ్ల పట్టులో ఉన్న మనిషి మీద ఆ ఈగ వాలదు," అని ఎలుగు దారి ఇచ్చింది.

పైడి తేనెతాడును నలుగురి నడుములకూ వరసగా చుట్టింది. జోగన్న కొసన, అతని పక్కన బుడ్డన్న, తర్వాత తను, చివర నాయనమ్మ. సింగమ్మ గొణిగింది. "ఈ వయసులో నన్ను గొడ్డులా కట్టేశావే."

రంగశాల వాకిట్లో పట్టుపాగా కట్టిన కాపలావాడు తియ్యగా నవ్వాడు. "తలకొక పీట వేసి ఉంచాం. అయ్యకు ముందు వరసలో, అవ్వకు మెత్త ఉన్న చోట, తమ్ముడికి కిటికీ పక్కన."

"మేం కిందే కూర్చుంటాం," అంది పైడి. నలుగురూ వెనకాల చాప మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు.

తెర లేచింది. మద్దెల మోగింది. కొమ్ముల రాక్షసుడు రంగం మీదికి రాగానే జోగన్న ఊపిరి బిగబట్టాడు. సరిగ్గా రాజకుమారుడు కత్తి ఎత్తిన చోట, ఒళ్లు మరిచి తన చెయ్యీ ఎత్తాడు. ఆ ఊపుకు నడుముకున్న తాడు ఒక్కసారి గుంజుకుంది.

బుడ్డన్న కళ్లూ నాటకం మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం తన పని తాను చేసింది. ఒక్క గుంజుకు తాడు వదులు చేసింది.

జోగన్న లేచాడు. ఇంకా దగ్గరగా చూడాలని ముందుకు నడిచి, ముందు వరసలోని ఖాళీ పీట మీద కూర్చున్నాడు. రాగి రంగు ఈగ ఒకటి అతని నుదుటి మీద వాలి లేచింది. పైడి చూసేసరికి అంతా అయిపోయింది.

రాక్షసుడు చచ్చాడు. జనం లేచారు. జోగన్న వెనక్కి తిరిగి తన నడుముకున్న తాడునూ, దాని అవతలి కొసన ఉన్న ముగ్గురినీ చూశాడు.

"ఎవరయ్యా మీరు? నన్నెందుకు కట్టారు?"

బుడ్డన్న మొహం నల్లబడింది. "ఒక్కసారి గుంజితే వదలడం నా చేతికి అలవాటు పైడీ. నా చేతులారా చేశాను."

"అయ్య గుంజాడు, నువ్వు వదిలావు. ఇది కొండ కాదని మన చేతులకు తెలియదు మామా," అంది పైడి. తండ్రి ముందు నిలబడి, తాడు పట్టుకుని, వెంటవెంటనే రెండుసార్లు గుంజింది.

జోగన్న కాళ్లు ఆమె వైపు కదిలాయి. అతను కిందికి చూసుకున్నాడు. "ఇదేమిటి, నేను రమ్మనకుండానే వస్తున్నాయి?"

"రానీ నాయనా," అంది సింగమ్మ. కన్నకొడుకు తనను ఎవరో ముసలమ్మను చూసినట్టు చూస్తుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అలా గుంజుతూ గుంజుతూ అతన్ని గోపురం మెట్లెక్కించారు. పై అంతస్తులో ఒక వైపు నిలువెత్తు తెర దించి ఉంది. ఇంకో వైపు పిట్టగోడ మీంచి వంగి చూస్తే, చూరు కింద పట్టు ఉంది. కొండల్లో పుట్టి పెరిగిన వాళ్లు కూడా అంత పట్టు చూడలేదు. బండి చక్రమంత ఉంది, రాగిలా మెరుస్తోంది. దాని కింద అడుగున రాతి ముంగిట్లో జనం చీమలబారులా కనిపించారు.

"అంత పట్టుకు పచ్చాకు పొగ కావాలి," అన్నాడు జోగన్న ఎవరూ అడగకుండానే. మెట్ల పక్కన పెరిగిన రావి మొలక కొమ్మలు విరిచి, కట్టగా కట్టి, దీపం గూట్లో నిప్పు అంటించాడు. పొగ దట్టంగా లేచింది.

"మరి దిగు బావా," అన్నాడు బుడ్డన్న.

"నువ్వెవరో నాకు తెలియదు. ముక్కూమొహం తెలియనివాడు తాడు పడితే నేను దిగను."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. బుడ్డన్న తల వంచుకున్నాడు. పైడి తాడు విప్పి తన నడుముకు బిగించుకుని, వెంట తెచ్చిన తేనెగంప వీపుకు కట్టుకుంది.

"ఆడపిల్ల దిగిన ఆనవాయితీ లేదే," అన్నాడు మేనమామ.

"నువ్వు తాడు పట్టిన ఆనవాయితీ ఉందిగా. ఇటివ్వు ఆ కత్తి."

పొగకట్ట ఒక చేత, కత్తి నోట కరుచుకుని పైడి గోడ దాటింది. ఒక్కసారి గుంజింది. తాడు వదులైంది. మళ్లీ గుంజింది. ఈగలు పొగకు బద్ధకించి పక్కకు జరిగాయి. కొన్ని ఆమె నుదుటి దగ్గరదాకా వచ్చి, పైన తాడు బిగువుగా ఉండటం చూసి వెనక్కి తిరిగాయి. పైడి పట్టును ముక్కలుగా కోసి గంపలో వేసుకోసాగింది.

పొగ వాసన పసిగట్టి తామ్రజిహ్వ మెట్లెక్కి వచ్చింది. చూడటానికి పెద్దముత్తయిదువలా ఉంది, నాలిక మాత్రం రాగిది. మాట్లాడితే గంట కొట్టినట్టు తియ్యగా మోగుతుంది.

"బుడ్డన్నా, ఎంత దూరం వచ్చావయ్యా. నీ వెనక ఆ తెర పక్కకు జరిపితే సముద్రమే. ఓడలు తెరచాపలెత్తి పోతున్నాయి. ఒక్క చెయ్యి చాలుగా జరపడానికి."

బుడ్డన్న పళ్లు బిగించాడు. తాడు మీద మనిషి ఉంటే మాట్లాడకూడదు. మాట్లాడలేదు. తిరిగి చూడనూ లేదు.

మాటకు లొంగలేదని తామ్రజిహ్వ నోరు తెరిచి గాలి ఊదింది. తాడు ఊగింది. బుడ్డన్న పాదాలు రాతి మీద జారాయి. సింగమ్మ వాడి నడుము వాటేసుకుంది. అయినా ఇద్దరూ పిట్టగోడ వైపు ఈడ్చుకుపోతున్నారు. అప్పుడే కిందినుంచి తాడు వెంటవెంటనే రెండుసార్లు గుంజుకుంది.

జోగన్న దూరంగా నిలబడి చూస్తున్నాడు. ఆ పిల్ల ఎవరో అతనికి తెలియదు. ఆ తాడు ఎవరిదో తెలియదు. కానీ రెండు గుంజులంటే ఏమిటో అతని భుజాలకు తెలుసు. ఒక్క అంగలో వచ్చి, మడమ గోడకు తన్నిపెట్టి, తాడు అందుకున్నాడు. ముగ్గురూ లాగారు.

పైడి పైకి వచ్చింది. వీపుకు కట్టుకున్న గంపలో పట్టు ఉంది. ఆమె గోడ మీద పడగానే తేనె చింది జోగన్న చేతి మీద పడింది. తేనె దించిన ప్రతిసారీ చేసినట్టే అతను బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

నోట్లో వేలు అలాగే ఉండగా పైడి మొహం చూశాడు. తర్వాత బుడ్డన్న వైపు తిరిగాడు.

"నా పిల్లను దించుతావురా గోపురం మీంచి?"

"నిన్ను దిగమంటే దిగలేదుగా బావా," అన్నాడు బుడ్డన్న.

పట్టు పైకి చేరిన క్షణంలోనే తామ్రజిహ్వ నాలికలోని రాగి కరిగిపోయింది. ముడతలు పడిన మామూలు ముసలిది అయిపోయి మెట్టు మీద కూలబడింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. అనడానికి తీరిక లేదు. పైడి గంప ఎత్తుకుని అప్పటికే మెట్లు దిగుతోంది.

పూటకూళ్ల ఇంట్లో చుక్కమ్మ విస్తళ్లు పరుస్తోంది. బాగా చిక్కిపోయి ఉంది. పైడి ఎదురుగా వచ్చినా, "చోటుంది, కూర్చో అమ్మాయ్," అంది. పైడి పట్టులోంచి ముక్క విరిచి తల్లి చేతిలో పెట్టింది.

చుక్కమ్మ వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుని మొహం చిట్లించింది. "పొగ కంపు. ఇంత పొగ పెడతారా ఎవరైనా? ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి మా ఇంటాయన ఒక్కడే..."

ఆమె చేతిలో విస్తళ్లు జారిపోయాయి. పైడి జుట్టు తడిమి, చెంప తడిమి, "ఎంత పొడుగయ్యావే," అంది.

ఆ మధ్యాహ్నమంతా సింగమ్మ గరిట పట్టుకుని వీధిలో నిలబడింది. "నోరు తెరవండి. తోసుకోకండి. నాకు ఒక్కటే చెయ్యి," అంటూ ఊరందరి నాలికల మీదా తేనె వేసింది. రాజు కూడా వరసలోనే వచ్చాడు. తేనె మింగి, వెనక నిలబడ్డ రాణిని చూసి, సిగ్గుపడి కిరీటం సర్దుకున్నాడు.

"ఏం కావాలో కోరుకోండి," అన్నాడు.

"మా బావ నాటకం మమ్మల్ని మరిచిపోయి చూశాడు మహారాజా. ఇంకోసారి ఆడించండి. నాకు గోపురం మీద సముద్రానికి అడ్డున్న ఆ తెర తీయించండి చాలు," అన్నాడు బుడ్డన్న.

రాజు నవ్వి, అవి రెండూ కాక, ఊరి తూర్పు ద్వారం పైడి చేతిలో పెట్టాడు. ఆ ఊరు చూడటానికి ఎవరొచ్చినా కుటుంబమంతటికీ ఒకే చాప వేసే బాధ్యత ఆమెది. పైడి పెద్దదై చాలాకాలం ఆ ద్వారాన్ని ఏలింది.

ఆ రోజు మాత్రం, నాటకం చూసి, సముద్రం చూసి, దీపాలు పెట్టే వేళకు పూటకూళ్ల ఇంటికి వచ్చారు. చుక్కమ్మ వండింది. వేడన్నం, ముద్దపప్పు, గోంగూర, సింగమ్మ అడిగిన గారెలు. వడ్డించి నిలబడబోతే పైడి కొంగు పట్టి కూర్చోబెట్టింది.

గుమ్మం అవతల తామ్రజిహ్వ నిలబడి ఉంది. లోపలికి రాలేదు, వెళ్లిపోలేదు. తన ఇంట్లోనే ఏ మూల కూర్చోవాలో తెలియనట్టు చూస్తోంది.

సింగమ్మ ఆమెను చాలాసేపు చూసింది. కన్నకొడుకు కాసేపు తనను మరిచిపోయింది ఈవిడ వల్లనే. ఆ కోపం ఇంకా పోలేదు. అయినా పక్కకు జరిగి, చాప మీద చోటు చేసి, ఇంకో విస్తరి తెచ్చి పరిచింది.

ముసలిది వచ్చి కూర్చుంది. చుక్కమ్మ అన్నం పెట్టింది. జోగన్న గారెల పళ్లెం ఆమె వైపు తోశాడు. అందరూ తలలు వంచుకుని, వేడి ఊదుకుంటూ, కలిసి తిన్నారు.