పొద్దున్న ఎనిమిది గంటల రక్తం

"మీ మెషీన్ తప్పు."

"మా మెషీన్ కరెక్టే. తప్పేదైనా ఉంటే మీలో ఉండాలి."

బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లోని చిన్న ల్యాబ్‌లో గిరిబాబు, భానుప్రియల రెండో సంభాషణ ఇది. మొదటిది నాలుగు రోజుల కిందట, ఆమె అతని చేతికి సూది గుచ్చినప్పుడు. "నొప్పేసిందా?" అంటే, "గుచ్చీసారా?" అన్నాడు. పొగడ్త కాదు, నిజం. బాబుగారు ఆమె కళ్ళనే చూస్తున్నారు మరి.

కళ్ళు తిరుగుతున్నాయంటే డాక్టరు కార్టిసాల్ పరీక్ష రాశాడు. అడ్రినల్ గ్రంథుల పనితీరు అందులో తెలుస్తుందట. పొద్దున్న ఎనిమిదికి రక్తం ఇచ్చాడు. బాగా తక్కువ వచ్చింది. నిజంగా జబ్బే అయితే జీవితాంతం మాత్రలు. ఇక ఏ మొహంతో ఆ అమ్మాయికి మనసులో మాట చెప్పడం?

"ముందురోజు రాత్రి ఎన్నింటికి పడుకున్నారు?" భానుప్రియ అడిగింది.

"రాత్రెక్కడ? లోకో షెడ్‌లో మూడు వారాలుగా నైట్ డ్యూటీ. దిగి సీదా ఇక్కడికొచ్చీసినాను."

ఆమె నుదురు కొట్టుకుంది. "అరే భగవాన్! ఈ హార్మోన్ నిద్ర లేచే వేళకి పెరుగుద్ది, పడుకునే వేళకి తగ్గుద్ది. ఎనిమిదంటే ఊరికి పొద్దున్న, మీ ఒంటికి రాత్రి. నైట్ డ్యూటీ అని డాక్టరుకి చెప్పలేదా?"

"రైల్వే కాలనీలో అదీ ఒక సంగతేటి?"

డాక్టరు విని నవ్వాడు. రెండు వారాలు రాత్రిళ్ళు పడుకుని మళ్ళీ రమ్మన్నాడు. గిరిబాబు డే డ్యూటీకి మారి, రోజూ పొద్దున్నే భానుప్రియకి 'లేచాను' అని మెసేజ్ పెట్టాడు. మొదట్లో 'ఓకే' అని వచ్చేది. పదోరోజుకి 'టీ తాగారా?' అయింది.

రెండు వారాలయ్యాక మళ్ళీ రక్తం ఇచ్చి, తిరిగి నైట్ డ్యూటీకెక్కాడు. ఈసారి రిపోర్టు నార్మల్.

"అనుమానం మిగిలితే ఇంజెక్షన్ ఇచ్చి, గంట కూర్చోబెట్టి చేసే పరీక్ష ఇంకోటుంది. మీకు అక్కర్లేదు," అంది.

"గంటా? చేసీండి!"

"ఎందుకూ?"

"మీ ఎదురుగా కూర్చోవచ్చని. మీరంటే నాకిష్టం."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నిన్న డ్యూటీ ఏంటి?"

"మళ్ళీ నైటే."

"అయితే ఈ మాట లెక్కలోకి రాదు. మూడు రాత్రులు బాగా పడుకుని, పొద్దున్న ఎనిమిదికొచ్చి చెప్పండి."

సెలవు పెట్టాడు. నాలుగోరోజు ఎనిమిదికి తల్లి చిన్నమ్మితో సహా హాజరు. అతను నోరు తెరవబోతే ఆవిడ పక్కకి నెట్టింది.

"ఆగరా! ఇదిగో పిల్లా, మూడు రాత్రులూ ఈడు కన్ను మూయనేదు. ఇల్లంతా తిరిగి నన్నూ పడుకోనివ్వనేదు. నీ రూలు పెకారం ఈడి మాట సెల్లదంట. ఇప్పుడేటి సేద్దాం?"

గిరిబాబు ఆవిడ కొంగు పట్టి లాగాడు. అమ్మ కొంప ముంచేసింది!

భానుప్రియ చేతి గ్లవ్స్ తీసి, వంగి ఆవిడ పాదాలు తాకింది.

"నేనూ పడుకోలేదు, అత్తయ్యా."