వెలుగుకి పట్టి చూసే కార్డు

కుక్క కుయ్ మంది. మనిషి పోయాడు.

పోయినవాడి చేతిలో ఉన్నది ఒక పాత పోస్టుకార్డు. దాని మీద బొద్దుగా కుక్కపిల్ల బొమ్మ. బొజ్జ నొక్కితే లోపలున్న చిన్న కాగితపు తిత్తి కుయ్ మంటుంది. పిల్లలు నవ్వుకోవడానికి వెనకటి రోజుల్లో తయారైన వింత వస్తువు. అతనూ ముద్దుగానే నొక్కాడు. పక్క గదిలోంచి టైపిస్టు ఆ చప్పుడు విని తొంగి చూసేసరికి టేబుల్ మీద తల వాల్చి ఉన్నాడు. ఆమె డాక్టరు కోసం పరుగెత్తి తిరిగొచ్చేలోగా కార్డు మాయం. మిగిలింది బొటనవేలి మీద చీమ కుట్టినంత ఎర్రటి చుక్క.

"దేశం పంపే రహస్య సందేశాలు విప్పే కీ రెండే రెండు బుర్రల్లో ఉంది. ఒక బుర్ర నిన్న పోయింది," అన్నాడు గూఢచారి డిపార్టుమెంటు పెద్దాయన. "రెండోది దక్కాలి."

పెద్దాయన ఆఫీసు పైకి పళ్ల ఆసుపత్రి. పిలవకుండా ఎవరూ రారని ఆ ఏర్పాటు. కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి బ్రీఫింగ్ వింటున్నవాడు ఏజెంట్ నైన్. బజారులో అతన్ని అందరూ కార్డుల బాబాయ్ అంటారు. అన్నా తమ్ముడూ లేనివాడు బాబాయ్ ఎలా అయ్యాడని ఎవరూ అడగలేదు. పాత పోస్టుకార్డులు కొని, అమ్మి, వెల కట్టే చిన్న షాపు అతని కవర్. వేషంగా మొదలైన పని ఎప్పుడో ఒంటికి పట్టేసింది. ఇప్పుడు ఏజెంటుగా ఉన్నప్పుడే వేషం వేసుకున్నట్టు ఉంటుంది.

"టార్గెట్ తాళాలాయనేగా సార్?"

తాళాలాయన అంటే కోడ్‌లు కట్టే ముసలాయన. భార్య పోయాక ఆయనకి మిగిలిన పిచ్చి ఒక్కటే, వింత పోస్టుకార్డులు. నొక్కితే అరిచేవి, లాగితే తోక ఊపేవి, చక్రం తిప్పితే కన్నుగొట్టేవి.

"ఆయనే. కొత్త కోడ్ సిద్ధమయ్యేదాకా ఆయన బుర్రే మనకి బీరువా."

"ఇంట్లో పెట్టి తాళం వేసేయండి."

"తాళాలాయనకా?" పెద్దాయన నిట్టూర్చాడు. "చెప్పి చూశాం. మా ఆవిడ కాపురమంతా ప్రయత్నించి చంపలేకపోయింది, పోస్టుకార్డు చంపుతుందా అంటాడు. విను. రేపు పొద్దున నీ షాపుకి ఒక పెట్టె వస్తుంది. నువ్వు వెల కడితే ఆయన కొంటాడు. అందులో ఒక కార్డులో విషపు సూది ఉంది. అన్నిటికంటే అరుదైన దాంట్లో పెట్టారట, ఏదో ఇల్లు, కిటికీలు..."

బాబాయ్ లేచి కూర్చున్నాడు. "ఆ కార్డా!"

"నువ్వు దాన్ని గుట్టుగా పక్కకి తప్పించు. బయట కారులో, ఈ చావుల వెనకున్న ముఠా మనిషి కాపు కాస్తాడు. ఆయన పెట్టె కొనగానే పని అయిపోయినట్టేననుకుని గూటికి పోతాడు, మనవాళ్లు వెనకే పోతారు. ముందే హడావుడి చేస్తే ముఠా మొత్తం ఎగిరిపోతుంది."

"సమాచారం ఎవరిచ్చారు?"

"పెట్టె తెచ్చే ఆవిడే. పట్టురాణి. వాళ్ల జీతం తింటూ మనకి పని చేస్తోందిగా. మన దగ్గర పైసా అడగలేదు. పని అయ్యాక ఆ కార్డు తనకి ఇచ్చేయమంది, అంతే."

బాబాయ్‌కి నవ్వొచ్చింది. అడుగుతుంది మరి. అడక్కపోతే ఆవిడ పట్టురాణి ఎలా అవుతుంది?

పట్టుదారంతో పువ్వులు కుట్టిన కార్డుల వ్యాపారం ఆమెది. ఆ పేరు అందుకే వచ్చింది. మనిషి నడిచొస్తే బజారులో బేరాలు ఆగిపోతాయి. అధికారికంగా ఆమె బాబాయ్‌కి సోర్స్. వారానికోసారి వచ్చి "పట్టువి ఉన్నాయా?" అనేది. "చిమ్మట కొట్టనివి రెండే" అని అతను అనాలి. అది కోడ్. ఆ తరువాత ముఠా కబుర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేసేది. ఆ పైన ఇద్దరూ కార్డుల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ రెండో భాగం రిపోర్టుల్లోకి ఎక్కేది కాదు. వారం మొత్తంలో అతను పని లేకుండా నోరు విప్పేది ఆ కాసేపే.

ఆ కిటికీల కార్డు ఆమే ఒకసారి చూపించింది. ఏటి ఒడ్డున రాతి ఇల్లు, వరసగా కిటికీలు. మామూలుగా చూస్తే అన్నీ చీకటే. కిటికీ ఉన్నచోటల్లా అట్టని సన్నగా కోసి, వెనక పలచని పసుపు కాగితం పొర అతికించారు. దీపానికి పట్టి చూస్తే ఇల్లంతా వెలుగుతుంది. బాబాయ్ వెనక్కి తిప్పాడు. చిరునామాకీ కబురుకీ మధ్య ఉండాల్సిన నిలువు గీత లేదు. వెనకవైపు చిరునామా తప్ప ఒక్క ముక్క రాయకూడదన్న కాలం నాటిది. ఎవరూ ఎవరికీ పంపలేదు. అంచులు నలగలేదు.

"లోపల ఎవరుంటారంటావ్?" అంది ఆమె, దాన్ని బల్బు ముందు పట్టుకుని.

"ఎవరూ ఉండరు. దీపం మనది."

ఆమె కార్డు దించలేదు. అతను చెయ్యి చాస్తే "అంచు మీద వేలు పెట్టకు, చెమట," అంది.

మర్నాడు పొద్దున తాళాలాయన అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. షాపు వెనక గదిలో స్క్రూడ్రైవర్ దాక్కున్నాడు. డిపార్టుమెంటుకి పరికరాలు చేసిపెట్టేవాడికి అది ముద్దుపేరు. బాబాయ్ చేతికి కొత్త భూతద్దం ఇచ్చాడు.

"పిడిలో మైకు ఉంది. అద్దం గుండు తగిలినా పగలదు."

"దీంతో కార్డు కనిపిస్తుందా?"

"అది మాత్రం కొంచెం మసక."

పట్టురాణి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, మోచేతి దాకా గ్లవ్స్, చేతిలో చెక్కపెట్టె. ముసలాయన లేచి నమస్కారం పెట్టాడు. ఆయన పెట్టెకి పెట్టాడో ఆమెకి పెట్టాడో తేలలేదు.

"పట్టువి ఉన్నాయా బాబాయ్ గారూ?"

"చిమ్మట కొట్టనివి రెండే, మేడమ్."

పెట్టె తెరిచింది. పైన పలచని కాగితంలో కిటికీల ఇల్లు. దాని కింద కన్నుగొట్టే సిపాయి, తోలు మీద కాల్చి గీసిన గుర్రం, అడుగున మూల వంగిన పిల్లి బొమ్మ. పిల్లిది చవక రకం, ఏ పాత సామాన్ల కొట్టులో చెయ్యి పెట్టినా దొరుకుతుంది. బొజ్జ దగ్గర కొంచెం ఉబ్బుగా ఉంది. అరిచే రకమన్నమాట.

"ముందు ఇల్లు!" అన్నాడు ముసలాయన చెయ్యి చాచి.

"ఆగండాగండి. వెనక గదిలో మంచి దీపం ఉంది. పొరలు ఊడాయేమో చూసొస్తాను."

బాబాయ్ ఇంటిని గుడ్డలో పట్టుకుని లోపలికి నడిచాడు. పట్టురాణి అతని వేళ్లకేసే చూస్తోంది. భయపడుతోంది పాపం అనుకున్నాడు.

స్క్రూడ్రైవర్ పట్టకారు, బ్లేడు సిద్ధం చేసుకున్నాడు. "ఇటివ్వండి. పొర చీల్చి సూది లాగేస్తాను."

"చీలిస్తే ఇంకేముంది, చిత్తు కాగితం," అంటూ బాబాయ్ ఒక్క నిమిషం ఆగమన్నాడు. చీల్చేలోగా ఆఖరిసారి చూసుకోవాలనిపించింది. బల్బుకి పట్టాడు.

కిటికీలన్నీ వెలిగాయి.

అన్నీ. ఒక్కదాంట్లో కూడా నీడ లేదు. అంచుల్లో లేదు, చుట్టూ అట్టలో లేదు. సూది ఎంత సన్నమైనా ఇంత వెలుగులో దాని గీత కనబడాలి.

చీలిస్తే చిత్తు కాగితం. తను ఇప్పుడే అన్నమాట చెవిలో గింగురుమంది. సూది పెట్టాలన్నా తియ్యాలన్నా కార్డు చీల్చాలి. చీల్చిన కార్డు పట్టురాణికి దేనికి? మూల వంగిన కార్డుని ముట్టుకోని మనిషి, చీలికలు పేలికలైనదాన్ని ఫీజుగా అడుగుతుందా? సూది కోసం దీన్ని ఎవరూ కొయ్యలేదని ఆమెకి తెలుసు. ముసలాయన్ని రప్పించడానికి ఈ ఇల్లు ఎర, అంతే. ఎరని డిపార్టుమెంటు చేతే జాగ్రత్తగా తీయించి, మళ్లీ వెనక్కి తీసుకుందామనుకుంది. మనిషిని చంపుతుంది గానీ మంచి కార్డుని చంపదు. చంపాలంటే చవకది వాడుతుంది.

ముందు గదిలోంచి ముసలాయన గొంతు వినిపించింది. "ఇదిగో అమ్మాయ్, ఈ పిల్లి అరుస్తుందా? అరిస్తే పూర్తి ధర. మూగదైతే సగమే ఇస్తా, ముందే చెప్తున్నా."

"మీరే నొక్కి చూసుకోండి తాతగారూ. వస్తువు నచ్చాకే డబ్బులు."

బాబాయ్ పరుగెత్తాడు. ఆ వయసులో అలా పరుగెత్తగలడని అతనికే తెలియదు. ముసలాయన బొటనవేలు పిల్లి బొజ్జ మీదికి దిగుతోంది. అరవడానికి టైము లేదు. చేతిలోని భూతద్దాన్ని వేలికీ పిల్లికీ మధ్యకి తోశాడు.

వేలు అద్దాన్ని నొక్కింది. అద్దం పిల్లిని నొక్కింది.

టిక్.

అద్దానికి అవతలివైపు చిన్న తడి చుక్క జారింది. సూది మొన విరిగి బల్ల మీద పడింది.

"మూగదే!" అన్నాడు తాళాలాయన విజయగర్వంతో. "సగం ధర!"

పట్టురాణి చేతిసంచిలోంచి బుల్లి పిస్తోలు అప్పటికే బయటికొచ్చింది. గురి ముసలాయన నుదుటికి.

బాబాయ్ దగ్గర ఆయుధం లేదు. ఎడమచేతిలో కిటికీల ఇల్లు ఉంది. దాన్ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకున్నాడు.

"కాల్చావంటే చింపేస్తాను."

"నువ్వు చింపలేవు," అంది ఆమె.

నిజమే. చింపలేడు. ఆ సంగతి ప్రపంచంలో ఆమెకొక్కదానికే తెలుసు. అయినా కళ్లు అతని వేళ్ల మీదికి వెళ్లాయి. "అంచు... వేలు తియ్, చెమట!" అంది గభాలున, పిస్తోలు సంగతి మరిచిపోయి.

ఆ తియ్ అన్నమాట పూర్తయ్యేలోగా, చప్పుడు లేకుండా చుట్టి వచ్చిన స్క్రూడ్రైవర్ వెనకనుంచి ఆమె మణికట్టు పట్టి మెలితిప్పాడు. గుండు పైకప్పులోకి పోయింది. మైకులో అంతా వింటున్న పెద్దాయన మనుషులు వెనక తలుపు తోసుకుని వచ్చారు. చప్పుడు విని పని అయిపోయిందనుకున్న ముఠా మనిషి కారు స్టార్టు చేసి, మనవాళ్లని వెంటేసుకుని, తిన్నగా గూటికే వెళ్లాడు.

బేడీలు వేస్తుంటే ఆమె పెద్దాయన మనుషుల వైపు చూడలేదు.

"ఎలా తెలిసింది?"

"వెనక్కి అడిగావుగా."

"అడక్కుండా ఉండాల్సింది," అంది. గుమ్మం దగ్గర ఆగింది. "వారం వారం నేను వచ్చింది ముఠా పని మీదే అనుకుంటున్నావు కదూ?"

"కాదా?"

"సగం," అంది. నవ్విందో లేదో నల్లద్దాల్లో తెలియలేదు. జీపు కదిలిపోయింది.

తాళాలాయన్ని సైరన్ల మధ్య పంపించేశారు. పిల్లిని సాక్ష్యంగా పట్టుకుపోతుంటే తన బేరం ఏమైనట్టని జీపెక్కేదాకా గొడవ చేశాడాయన. స్క్రూడ్రైవర్ భూతద్దం తుడుచుకుని, మసక గురించి ఇకపై మాట్లాడొద్దన్నట్టు చూసి వెళ్లిపోయాడు. షాపులో చప్పుడు లేదు. పైకప్పు చిల్లులోంచి సున్నం కొంచెం కొంచెంగా రాలుతోంది.

ఫోను మోగింది.

"శభాష్ నైన్," అన్నాడు పెద్దాయన. "ముఠా మొత్తం దొరికింది. నీ కవర్ పోయింది కాబట్టి షాపు మూసేయ్. వేరే ఊళ్లో వేరే వేషం చూద్దాం. గడియారాల రిపేరు వచ్చా?"

"నేర్చుకుంటాను సార్."

"అన్నట్టు ఆ ఇంటి కార్డు... ఏమంత ఖరీదు దానికి? ఇంత గొడవ పడ్డారు."

బాబాయ్ దాన్ని కిటికీ దగ్గర ఎండకి పెట్టబోయి, రంగు పోతుందని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. "ఖరీదు అంటే కావాలనుకునే మనిషి ఉండాలి సార్. దాని విలువ తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరిని ఇందాక మీ జీపులో తీసుకెళ్లారు."

"మరి రెండోవాడెవడు?"

"లైన్లో ఉన్నాడు సార్," అన్నాడు బాబాయ్.

అవతల పెద్దాయన అప్పటికే ఫోను పెట్టేశాడు.