డేలియాల దగ్గర మేజర్ చేసిన పని

పూల ప్రదర్శన డేరా గుమ్మంలో బార్నబీ రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు.

"కుక్కలకి లోపలికి ప్రవేశం లేదండీ."

"ఇది కుక్క కాదు. మేజర్," అంది ఆ అమ్మాయి.

"మేజరైనా జనరలైనా నాలుగు కాళ్లున్నాయి కదండీ!"

"అబ్బో, లెక్కలు బాగానే వచ్చు మీకు! వాన పడుతోంది, కనబడట్లేదా? పూలు చూసేసి రెండు నిమిషాల్లో వెళ్లిపోతాం."

వాన కనబడుతూనే ఉంది. ఆమె ముంగురుల చివర్నించి ముక్కు మీదకి, ముక్కు మీంచి గడ్డం మీదకి జారుతోంది. బార్నబీ ఆ చుక్క వెంటే చూపు పోనిచ్చాడు. ఆ కాస్త సందులో మేజర్ గారు అతని చంక కిందనించి దూరి లోపలికి వెళ్లిపోయారు.

బార్నబీ పరుగెత్తి పట్టుకునేసరికి ఆ కుక్క అతను పోటీకి పెట్టిన డేలియా పూల కుండీ ముందు కూర్చుని, మహా గంభీరంగా వాసన చూస్తోంది. కుండీ చుట్టూ తడి. ఆ వాసన దేనిదో వేరే చెప్పక్కర్లేదు. ఏడు నెలలు చంటిపిల్లల్లా సాకిన మొక్కలు! నత్తల కోసం టార్చిలైటు పట్టుకుని కాపలా కాశాడు. బహుమతి మాట దేవుడెరుగు, మెచ్చుకోలు కార్డు కూడా రాలేదు.

"చూశారా మీ మేజర్ ఏం చేశాడో!"

"మావాడు అలాంటివాడు కాదు. మీరు కళ్లారా చూశారా?"

"చూడ్డమెందుకండీ, ముక్కుంది కదా!"

ఆ మాటతో ఆ అమ్మాయి, హెస్టర్, గిర్రున తిరిగి వెళ్లిపోయింది. అది పోయిన ఆగస్టు.

హెస్టర్ ఆ ఊళ్లో పశువుల డాక్టరు దగ్గర నర్సు. ఊరు చిన్నది, పోస్టాఫీసు ఒక్కటే, కాబట్టి వారానికి మూడుసార్లయినా ఎదురుపడేవారు. "నమస్కారమండీ, మళ్లీ వానొచ్చేలా ఉంది," అనేవాడు బార్నబీ. "ఉంది," అనేది హెస్టర్. ఏడాదంతా ఇదే సంభాషణ. ఆ ఒక్క "ఉంది" కోసం మన పిచ్చిమారాజు అక్కర్లేని స్టాంపులు డజన్ల కొద్దీ కొన్నాడు.

ఈ ఏడాది ప్రదర్శన దగ్గర పడింది. కుక్కల్ని రానివ్వాలా వద్దా అని ఊళ్లో రెండు వర్గాలు బయల్దేరాయి. తేల్చడానికి మీటింగు పెట్టారు. తోటల సంఘానికి సెక్రటరీ బార్నబీయే గనక, నోటీసు రాయాల్సింది అతనే.

ఇక్కడొచ్చింది చిక్కు. కుక్క ఉచ్చ పోసిందని కాగితం మీద రాసే మగాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. బార్నబీ అర్ధదినం పెన్ను కొరికి, చివరికి ఇలా రాశాడు:

"పోయిన ఏడాది డేలియాల దగ్గర మేజర్ వల్ల జరిగిన విచారకరమైన సంగతి సభ్యులకు తెలిసిందే. ఈ ఏడు మేజర్‌ను డేరాలోకి అనుమతించాలా? మెడకు పట్టీతో వచ్చినచో అభ్యంతరం ఉండరాదని కొందరి అభిప్రాయం."

నలభై ఇళ్లకీ పోస్టు చేశాడు. మర్నాడే పోస్టాఫీసులో హెస్టర్ నిలదీసింది.

"ఏం సెక్రటరీ గారూ! మావాడి పేరు ఊరంతా పంచిపెట్టారటగా?"

"నా ఉద్దేశం అది కాదండీ, కేవలం నియమం కోసం..."

"నియమాలతోనే కాపురం చేసుకోండి. నాకు లీడ్స్ పట్నంలో ఉద్యోగం వచ్చింది. బుధవారం జవాబు చెప్పాలి. చెయ్యని తప్పుకి మావాణ్ణి దొంగలా చూసే ఊళ్లో నాకేం పని?"

బార్నబీ రోజులు లెక్కపెట్టుకున్నాడు. మీటింగు మంగళవారం. మనిషి మూడు రోజులు సరిగ్గా తిండి తినలేదు.

మంగళవారం సాయంత్రం హాలు నిండిపోయింది. అధ్యక్షురాలు మిసెస్ ఆక్‌రాయిడ్ చెంచాతో టీ కప్పు మీద టింగుమని కొట్టింది. హెస్టర్ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమె కుర్చీ కింద మేజర్ నిద్రపోతోంది. బార్నబీ నోటీసు చదివాడు.

చదవడం అయ్యీ అవకముందే వెనక వరసలో ఒక పెద్దాయన లేచాడు. పటాలంలో చేసి రిటైరైన ట్రబ్‌షా. ఇరవయ్యేళ్లుగా ఈ ప్రదర్శనకి జడ్జి. ఊళ్లో అందరూ ఆయన్ని మేజర్ అనే పిలుస్తారు.

అయ్యయ్యో అనుకున్నాడు బార్నబీ. ఊళ్లో మేజర్లు ఇద్దరున్నారన్న సంగతి ఆ క్షణం దాకా అతని బుర్రకి తట్టలేదు.

"మెడకి పట్టీ అన్నారు," అన్నాడు పెద్దాయన ఎర్రబడ్డ మొహంతో. "రెజిమెంటు టై కట్టుకొచ్చాను. సరిపోతుందా?"

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండదు కదా!

"అయ్యా, అది మీ గురించి..." అంటూ లేవబోయాడు బార్నబీ.

"ఆగు నాయనా, చెప్పనీ. ఏడాదిగా కడుపులో దాచుకున్నాను. ఆ పొద్దున టీ టేబుల్ దగ్గర అయిదుగురు ఆడవాళ్లు అయిదు కప్పులు అందించారు. వద్దంటే నొచ్చుకుంటారని అన్నీ తాగాను. తర్వాత నన్ను డేరాలో పెట్టి తలుపు కట్టేశారు. తీర్పు పూర్తయ్యేదాకా జడ్జి బయటికి రాకూడదని నియమం. పోటీ విభాగాలేమో అరవై మూడు! నలభయ్యో విభాగం దగ్గర ఇక..." ఆయన టై సర్దుకున్నాడు. "డేలియాలు ఎత్తుగా ఉన్నాయి. చాటుగా ఉన్నాయి."

"దేవుడా!" అంది మిసెస్ ఆక్‌రాయిడ్.

"బహుమతి నీకే ఇవ్వాలి నాయనా, అంత బాగున్నాయి. కానీ ఆ పని చేశాక మళ్లీ వాటి మొహం చూడలేకపోయాను. ఎవరూ చూడలేదనుకున్నాను. మీరంతా తెలిసి కూడా ఏడాది పాటు మర్యాదగా ఊరుకున్నారు. మీ రుణం తీర్చుకోలేను."

మర్యాదగా అందరూ తలలూపారు. తెలియదని చెప్తే ఆయన ఇంకా నొచ్చుకుంటాడు.

హెస్టర్ మాత్రం తల ఊపలేదు. నెమ్మదిగా బార్నబీ వైపు తిరిగి కనుబొమలెగరేసింది. "ముక్కుంది కదా అన్నారు," అంది.

బార్నబీకి భూమి చీలితే దూరిపోదామనిపించింది. దూరలేదు. టేబులు చుట్టూ తిరిగొచ్చి, ఆమె కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, కిందికి వంగి, "మేజర్, తప్పు నాది. క్షమించు," అన్నాడు. కుక్క ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసింది. పెద్దాయన మాత్రం, "పర్వాలేదు నాయనా," అన్నాడు వెనకనించి.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. కుక్కల్ని తాడుతో తెస్తే రానివ్వాలని తీర్మానించారు. జడ్జికి ఒక్క కప్పుకి మించి టీ ఇవ్వకూడదని ఇంకో తీర్మానం. రెండూ ఏకగ్రీవంగా నెగ్గాయి.

"ఇంకేమైనా ఉందా?" అంది మిసెస్ ఆక్‌రాయిడ్ గొడుగు అందుకుంటూ.

"ఉందండీ," అన్నాడు బార్నబీ. చెవులు టమాటాల్లా ఎర్రబడ్డాయి. "హెస్టర్ గారు లీడ్స్ వెళ్లకూడదని ప్రతిపాదిస్తున్నాను."

"కారణం చెప్పాలి బాబూ. మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి."

"ఆమె ఉంటే... ఆమె అంటే నాకు సదభిప్రాయం ఉంది. ఏడాదిగా. రాసుకోండి."

"రాసేది నువ్వే కదయ్యా!"

బార్నబీ వెనక్కెళ్లి, పుస్తకంలో రాశాడు.

"బలపరిచేదెవరు?"

"నేను!" అని లేచాడు పెద్దాయన.

"అభ్యంతరాలున్నాయా?"

"నాకుంది," అంది హెస్టర్.

బార్నబీ చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఈ ఊళ్లో ఎవరూ ఏదీ సూటిగా రాసి చావరు. ఇంత గొడవా అందుకే. సదభిప్రాయమేంటి, సదభిప్రాయం! ఆ మాట కొట్టేసి, అసలు మాట రాయండి."

బార్నబీ ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు. పెదవి కొస మీద నవ్వు ఆపుకుంటోంది. అతను ఆ మాట అడ్డంగా కొట్టేసి, పైన 'ప్రేమ' అని రాశాడు. తర్వాత, హాలు చివరికి కూడా వినబడేలా, పైకి చదివాడు.

"సవరించిన ప్రతిపాదన," అంది మిసెస్ ఆక్‌రాయిడ్ ముక్కు చీదుకుంటూ. "ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

అందరికంటే ముందు హెస్టర్ చెయ్యి లేచింది.