బావ పేరు మీద ఉన్న లింకు

ఆఫీసులో అతన్ని అందరూ 'బావమరిది' అనే పిలిచేవారు. ఉద్యోగం బావ సిఫారసుతో వచ్చింది, పని బావ రాసింది చూసి రాస్తే వచ్చింది, కుర్చీ బావ పోయాక వచ్చింది. సొంతంగా సంపాదించుకున్నది బట్టతల ఒక్కటే. ఈ మాట అతనే చెప్పుకొని, ఎదుటివాళ్లకంటే ముందే నవ్వేసేవాడు.

కంపెనీది ఎలక్ట్రానిక్ తాళాల వ్యాపారం. తాళాలకి బుద్ధి చెప్పే కోడంతా బయటివాళ్ల రిపోజిటరీలో, అంటే కోడు దాచుకునే గోదాములో ఉంటుంది. అక్కడ ఒక్క లైను మారితే చాలు, కంపెనీ అద్దెకు తీసుకున్న క్లౌడు దాన్ని లాక్కొని ఇంటింటి తాళానికీ పంపేస్తుంది. గోదామునీ క్లౌడునీ కలిపే లింకుకి ఎవరో ఒకరు తన ఖాతాతో 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కాలి. కంపెనీ పేరున ఖాతా తెరవడానికి బద్ధకించి, బావ తన సొంత ఖాతాతో నొక్కేశాడు. తర్వాత మారుద్దాంలే అనుకున్నాడు. ఆ తర్వాత గుండె ఆగి పోయాడు. లింకు కదిపితే ఏ తాళం ఏమవుతుందోనని ఎవరూ దాని జోలికి పోలేదు. చచ్చినవాడి అనుమతి మీద కంపెనీ నిక్షేపంగా నడుస్తోంది. ఉన్నవాళ్లందరిలో నికరంగా పనిచేస్తున్నది ఆయనొక్కడే.

"సెలవు రోజు వెళ్లి నీ పేరు మీదకి మార్చెయ్," అన్నాడు పెద్దసారు ఫోన్‌లో. పెద్దసారుకి కోడంటే కోడి బంధువేమో అన్నంత జ్ఞానం.

"ఏదైనా తేడా వస్తే సార్?"

"వస్తే నువ్వు చేశావు. రాకపోతే నేను చేయించాను."

సాయంత్రం. బయట వాన. ఏసీ ఆపేసిన హాల్లో తడిసిన కార్పెట్టు వాసన ముక్కుకి అంటుకుంటోంది. మనిషి కదిలితే తప్ప వెలగని దీపాలు కాబట్టి అతని నెత్తిమీద ఒక్క వరసే వెలుగుతోంది. మిగతా హాలంతా చీకటి. ఎక్కడో ప్రింటరు ఉండుండి గొంతు సవరించుకుంటోంది.

బావమరిది 'యజమానిని మార్చు' నొక్కాడు. 'పాత యజమాని ఒప్పుకోవాలి. ఆయన ఫోనుకి కబురు పంపాం' అంది స్క్రీను.

"పంపండి, పంపండి. ఆయన తీరిగ్గానే ఉన్నాడు," అని నవ్వుకుంటూ మంచినీళ్లకి లేచాడు.

తిరిగొచ్చేసరికి కింద ఇంకో మాట చేరింది. 'చూశారు.'

అక్కకి ఫోన్ చేశాడు. "అక్కా, బావ ఫోను నీ దగ్గరుందా? ఇప్పుడేమైనా నొక్కావా?"

"నా దగ్గరెందుకుంటుందిరా? పదిమందీ చూస్తుండగా బావురుమంటూ ఆయన జేబులో పెట్టింది నువ్వే కదా! ఆయనతోనే పోయింది. అంత ఏడుపు నీకెక్కణ్నుంచి వచ్చిందా అని నాకిప్పటికీ అనుమానమే."

అక్క పెట్టేసింది. హాలు చివర, ఎవరూ లేనిచోట, ఒక దీపాల వరస వెలిగింది.

గోదాములోకి కొత్త మార్పు వచ్చి పడింది. పంపినవారి దగ్గర బావ పేరు. ప్రతి మార్పు కిందా ఒక వెటకారం రాయడం బావ అలవాటు. ఇక్కడా ఉంది: 'మొద్దు చేసింది సరిచేశాను.'

మారింది ఒక్క లైనే. ఒకే ఒక్క ఇంటి తాళం లోపలి నుంచి తెరుచుకోకూడదని. ఆ ఇల్లు...

బావమరిది చిరునామా ఇంకోసారి చదివాడు. అది తన ఇల్లు.

ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, తలుపు రావట్లేదు! పాపకి ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తేలేస్తోంది... ఆస్పత్రికని బయల్దేరితే గడియ తిరగట్లేదు!"

"పక్కింటివాళ్లని కేకెయ్యి!"

"ఎవరున్నారండీ, అందరూ ఊళ్లకి పోయారు!"

"ఉండు, పెట్టెయ్యకు..."

మార్పు చెరిపాడు. తిరిగొచ్చింది. మళ్లీ చెరిపాడు. మళ్లీ వచ్చింది. మధ్యలో ఇంకో దీపాల వరస వెలిగింది. దగ్గర్లో.

మార్పు కింద రాశాడు: 'బావా, నువ్వేనా?'

'కాదు, మీ పెద్దసారుని.'

'పాపకి బాగోలేదు. తలుపు తియ్యి. లింకు నాకిచ్చెయ్.'

'చూసి రాసినా తప్పుల్లేకుండా రాయలేవు. నీకు లింకు కావాలా?'

'బతిమాలుతున్నాను బావా.'

'బతిమాలడం కూడా ఎవర్నో చూసి రాసినట్టుంది. ఉన్నదల్లా ఈ పేరొక్కటే. అదీ ఇచ్చేస్తే నాకేం మిగుల్తుందిరా?'

ఫోన్‌లో పాప మూలుగు. భార్య తలుపు బాదుతున్న చప్పుడు.

'ఏం కావాలంటే అది తీసుకో,' అని రాశాడు.

ప్రింటరు ఆగింది. వాన కూడా ఆగినట్టే అనిపించింది. వెనక కుర్చీ ఒకటి మెల్లగా జరిగింది... అతను తిరిగి చూడలేదు.

'సరే. మార్చుకుందాం.'

స్క్రీను మీద బావ పేరు చెరిగిపోయింది. ఆ చోట తన పేరు, ఇంటిపేరుతో సహా, వచ్చి కూర్చుంది.

"తెరుచుకుంది!" అని అరిచింది భార్య. పోయిన ప్రాణం లేచొచ్చింది బావమరిదికి. అంతలో ఆమె గొంతు మారింది. "అదేంటండీ... గుమ్మంలోనే ఉన్నారా? ఆఫీసనుకున్నానే! ఇంతలా తడిసిపోయారేంటి?"

"తలుపు వేసెయ్! అది నేను కాదే! వేసెయ్!"

"ఎవరే ఫోన్‌లో?" అని అడిగింది అవతల ఒక గొంతు. తాపీగా. అది తన గొంతే.

"ఏమోనండీ... అచ్చం మీలాగే మాట్లాడుతున్నారు."

"పనిలేని వెధవెవడో. పెట్టెయ్. పాపని ఇటివ్వు."

లైను తెగింది.

బావమరిది కుర్చీలు తన్నుకుంటూ ఆఫీసు తలుపు దగ్గరికి పరిగెత్తాడు. అదీ కంపెనీ తాళమే. వేలు ఆనించాడు. తాళం కాసేపు ఆలోచించి, చిన్న అక్షరాల్లో మర్యాదగా చెప్పింది:

'క్షమించండి. మీరు ఇప్పటికే వెళ్లిపోయారు.'