తీసేసిన గాజులు

గుండెలు విని రోగం చెప్పే యంత్రం స్పందిని, పదకొండో గుండెను విని ముగించేసరికి, గాలిలో తేలుతున్న వైద్యశకటం కింది నీడలోకి రెండు మేకలు చేరాయి. ఆరోగ్య కార్యకర్త పారిజాత దాని అద్దపుబిళ్ల తుడిచి పన్నెండో పేరు పిలిచింది.

జమ్లి మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కింది. ఆమెకంటే ముందే భర్త రూప్లా లోపలికొచ్చి కూర్చున్నాడు.

"యాభై ఏండ్ల సంసారంల నేను ముందు నడుసుడు ఇదే మొదలు," అన్నాడు.

"నీ చుట్టపొగ తప్పించుకోనీకే ఇన్నేండ్లు ముందు ఉరికిన," అంది జమ్లి ఎగపోస్తూనే.

పారిజాత నవ్వాపుకొని బిళ్లను ఆమె ఛాతీకి ఆనించింది. తెరమీద రెండు వరుసలు వెలిగాయి. గుండె గోడలు మందం. గుండె విద్యుత్ స్వరం సన్నం. గోడ మందమైతే స్వరం గట్టిగా ఉండాలి; ఆ రెండూ పొసగవు. తండాల్లో పొసగనివాటికి స్పందిని ఎప్పుడూ ఒకే పేరు పెడుతుంది.

"వయోలీనం. మళ్ళీ ఏడాదికి."

అంతా వయసు వల్లేనని చెప్పే ఆ ముద్ర పడితే నగరంలోని పెద్ద పరీక్షకు వరుసలో చోటుండదు. స్పందిని వినడం నేర్చుకున్నది నగరాల గుండెల దగ్గర. జమ్లి మెట్లెక్కిన తీరు చూస్తే ఆమెకు ఏడాది గడువుందని పారిజాతకు అనిపించలేదు.

అప్పుడు కనిపించాయి బోసి చేతులు. బళ్ళో తన పక్కన కూర్చున్న తండా పిల్లల అమ్మలు, నాయనమ్మలు పెళ్లి గుర్తుగా చేతుల నిండా వేసుకునే తెల్లగాజులను భర్త ఉండగా తీయడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఈ భర్తేమో ఎదురుగానే పళ్ళికిలిస్తున్నాడు.

"యాడీ, గాజులేవి?" తండా మాటలో అమ్మా అని పిలిచి అడిగింది.

"గట్ల అడుగు బిడ్డా! నేను సచ్చిననుకొని మంది ఓదార్సనీకి వస్తున్నరు," అన్నాడు రూప్లా.

జమ్లి తల దించుకుంది. "ఆరేండ్లాయె. రెండు చేతులూ తిమ్మిర్లు. గాజులే ఒత్తుతున్నయనుకొని తీసిన. అయినా పోలే."

"ఎవరికీ చెప్పలేదా?"

"గుండె చూసేటోళ్లు గుండెనే అడిగిండ్రు గద!"

మణికట్టులో పేరుకుని చేతులకు తిమ్మిర్లు తెచ్చే పదార్థమే కొన్నేళ్లకు గుండెగోడల్లోనూ పేరుకోవచ్చని శిక్షణలో ఒక్క పూట చెప్పారు. ముందే కనుక్కుంటే మందుందనీ చెప్పారు. పారిజాత ముద్రను నిరాకరించింది.

"కారణం?" అంది స్పందిని.

జాబితాలో ఆ కారణం లేదు. ఖాళీ గడిలో ఆమె ఒక్క మాట రాసింది: గాజులు.

"గాజులు లక్షణం కాదు."

"తీసేస్తే లక్షణమే. చేతుల సంగతి అడుగు."

స్పందిని చేతుల తిమ్మిర్లనూ లెక్కలోకి తీసుకుంది. జమ్లి పేరు పెద్ద పరీక్ష వరుసలోకి మారింది. తర్వాత అది మొదటిసారి తానే ఒక ప్రశ్న వేసింది.

"తండాల్లో వయోలీన ముద్రలు నాలుగు వేల పన్నెండు. అందరినీ అడగాలా?"

"అందర్నీ."

రూప్లా రెండు చేతులూ చాపాడు. "నావి గూడ రాసుకో బిడ్డా."

"ఆ చేతులకు చుట్ట పట్టుడు తప్ప వేరే రోగం లేదు," అంది జమ్లి.

తెరమీద ఆనాటి ప్రయాణ పట్టిక మొత్తం చెరిగిపోయింది. దాని చోట ఆ నాలుగు వేల పన్నెండు పేర్లు వరుసకట్టాయి, వాటి పైన రెండే మాటలు వెలిగాయి: చేతులు చూపండి.