వంకాయలు కోసిన నీళ్లు

లేడీస్ హాస్టల్ గేటు ముందు పొద్దున్నే ఖాళీ బకెట్ పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? అమల కూడా అదే అనుకుంది.

"ఏవండీ, ఇక్కడేం పని మీకు?"

"బియ్యం కడిగిన నీళ్లు కావాలె మేడమ్."

"ఏంటీ?"

"గింతమంది పిల్లలకు వండుతరు గదా. గా నీళ్లు మోరీల పోస్తరు గదా. అవి నాకిస్తే మా చెట్లకు పోసుకుంట."

"లైన్ వేయడానికి ఇదో కొత్త ఐడియానా?"

"లైన్ వేసేటోడిని అయితే బకెట్ ఎందుకు తెస్త మేడమ్? బైక్ మీద ఒస్తుంటి."

వాచ్‌మన్ సైదులు నవ్వాపుకోలేక అటు తిరిగిపోయాడు. అమలకూ నవ్వొచ్చింది గానీ, బింకంగా బకెట్ అందుకుని లోపలికెళ్లింది.

సంగతేమిటంటే, ఆ ఏడు చైతన్యపురిలో ఎండలు అలా ఇలా లేవు. ఏప్రిల్‌లోనే బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్ నీళ్లు ఇంట్లోకే చాలడం లేదు. రెండు గల్లీల అవతల ఈ కుర్రాడు అభిలాష్ వాళ్ల డాబా మీద బెండ, పుదీనా ఎప్పుడో చేతులెత్తేశాయి. మిగిలింది నాయనమ్మ అండాలమ్మ ప్రాణంగా పెంచుకున్న బొండుమల్లె ఒక్కటే. మోకాలి ఆపరేషన్ అయి ఆవిడ మెట్లెక్కలేకపోతోంది. "నా మల్లెను నీ చేతుల పెడుతున్న బిడ్డా, జర పైలం" అని మనవడికి అప్పజెప్పింది.

హాస్టల్ అమల తల్లి కోటేశ్వరమ్మది. బాపట్ల నుంచి వచ్చి పెట్టుకుంది. బీకాం పూర్తయిన అమల, ఉద్యోగం దొరికేలోగా వంటగది చూసుకుంటోంది.

అలా రోజూ ఒక బకెట్. ఎల్బీనగర్‌లో బైకుల షోరూమ్‌కి డ్యూటీకి వెళ్లేముందు అభిలాష్ వచ్చేవాడు.

"మీ మల్లె ఎలా ఉందండీ?"

"మొగ్గలేసింది మేడమ్. అంత మీ పుణ్యమే."

"నా పేరు మేడమ్ కాదు, అమల."

"నాకెరుకనే మేడమ్."

మొగ్గలేసిందని విన్నాక అమల సంబరం ఆగలేదు. ఒక్క చుక్క మురుగుకాలువలో పడినా ఊరుకోనని వంటవాళ్లకు ఆర్డరేసింది. ఒక బకెట్ కాస్తా రెండయ్యాయి. భుజాలు లాగేస్తున్నా అభిలాష్ నవ్వుతూనే మోసుకుపోయేవాడు.

వారం తిరక్కుండానే మల్లె ఆకుల అంచులు మాడిపోయాయి. మొగ్గలు రాలిపోయాయి. ఎండకేమోనని పాత చీర కట్టి నీడ పట్టాడు. లాభం లేదు. చివరికి అనుమానమొచ్చి బకెట్లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు!

హాస్టల్ అన్నాక వంకాయ తప్పదు కదా. కోసిన ముక్కలు నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేస్తారు. అంతమందికి కూరంటే ఉప్పు గుప్పెళ్లతో పడుతుంది. ఆ నీళ్లు కూడా పాపం అమల ప్రేమగా బకెట్లో కలిపేస్తోంది.

మర్నాడు చెప్పేద్దామనే వెళ్లాడు.

"ఇవాళ నిండుగా పట్టానండీ. పూలు పూస్తే మీ నాయనమ్మగారికి నా పేరు చెప్పాలి మరి!" అంది అమల, చున్నీతో చెమట తుడుచుకుంటూ.

ఆ మొహం చూశాక ఏ మగాడైనా ఉప్పు గురించి మాట్లాడగలడా? "తప్పకుండ చెప్త మేడమ్" అని బకెట్లు ఎత్తుకున్నాడు. గల్లీ మలుపు తిరిగి మోరీలో గుమ్మరించాడు. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. తను తాగే నీళ్లలో సగం మల్లెకు పోస్తూ, "మొగ్గలెట్లున్నయిరా?" అని కింద నుంచి నాయనమ్మ అడిగితే, "మంచిగున్నయ్" అని అబద్ధమాడుతూ రోజులు నెట్టుకొచ్చాడు.

ఒకరోజు ఇంటర్వ్యూకి మెట్రో స్టేషన్‌కి బయల్దేరిన అమల, ఆ మలుపులో ఆగిపోయింది.

"అభిలాష్ గారూ! ఏం చేస్తున్నారు మీరు?"

బకెట్ చేతిలోనే ఉంది. నీళ్లు మోరీలో ఉన్నాయి.

"అది గాదు మేడమ్..."

"పిల్లలు స్నానాలకి నీళ్లు లేక ఏడుస్తుంటే, వంటవాళ్లతో గొడవపడి పట్టి ఇస్తున్నాను. మోరీలో పోస్తారా? రేపట్నుంచి మా గేటు దగ్గరికి రాకండి!"

కళ్లల్లో నీళ్లు తిరిగాయని తెలియకూడదని గబగబా వెళ్లిపోయింది.

మర్నాడు సైదులు చేతులడ్డం పెట్టాడు. "అమలమ్మ రానియ్యద్దన్నది తమ్మీ."

"నేను లోపలికి ఒస్తలేనన్నా. గిది ఒక్కటి ఆమెకియ్యి" అని మాడిన మల్లెకొమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు అభిలాష్.

ఆ కొమ్మ కూతురి చేతిలో చూసి కోటేశ్వరమ్మ నొచ్చుకుంది. "అయ్యో, ఇదెవరిదే? మా ఊళ్లో ఉప్పునీరు ఎక్కిన తోటలు ఇలాగే మాడిపోయేవి. మల్లెకి ఉప్పునీళ్లు పోశారేంటే, వీళ్ల బుద్ధి మండ!"

అమల వంటగదిలోకి చూసింది. గంగాళం నిండా వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో తేలుతున్నాయి. మరుక్షణం చెప్పులు వేసుకుని సైదులును అభిలాష్ ఇల్లు ఎక్కడో అడిగింది.

డాబా మీద తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు అభిలాష్.

"నేనే చంపేశానా?" అంది అమల, వగరుస్తూ.

"లేదు. పాణమున్నది, చూడుండ్రి." కాండం గోటితో గీరి లోపలి పచ్చదనం చూపించాడు.

"ముందే చెప్పొచ్చుగా?"

"బాధపడతరని."

"అంతేనా?"

"చెప్తే నీళ్లు బంద్ జేస్తరేమోనని."

"మోరీలో పోసే నీళ్లు బందైతే ఏం?"

అభిలాష్ తల దించుకున్నాడు. "నీళ్ల కోసం ఒచ్చుడు ఎప్పుడో బంద్ అయింది అమలా. నీ కోసమే ఒస్తున్న."

వేడిగాలి కొడుతున్నా అమలకు ఒళ్లు జల్లుమంది.

"వంకాయ నీళ్లు కలపొద్దు అంటే సరిపోయేది కదండీ! నీళ్లూ దొరికేవి, నేనూ కనిపించేదాన్ని."

అభిలాష్ నెత్తి గోక్కున్నాడు. "అరె... గీ ముచ్చట నాకు తట్టనే లేదు!"

అమల కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వేసింది.

తొట్టిలో మట్టి మార్చారు. మాడిన కొమ్మలు కత్తిరించారు. ఆ తర్వాత బియ్యం నీళ్లు అమలే తెచ్చి పోసేది. పోసేముందు ఇద్దరూ చెరో చుక్కా రుచి చూసేవాళ్లు.

జూన్‌లో తొలి వాన కురిసిన సాయంత్రం అండాలమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి డాబా మీదికొచ్చింది. మల్లె సగానికి సగమైంది. అయినా చిగుళ్ల మధ్య ఒక పువ్వు విచ్చుకుంది. పక్కనే వానలో తడుస్తూ ఇద్దరు.

"నా చెట్టును ఆగం జేసినవ్ గదరా!"

"ఆయన కాదండీ, నేనే" అంది అమల భయంభయంగా.

రోజూ బకెట్‌తో మెట్లెక్కే ఆ పిల్లను అండాలమ్మ ఎగాదిగా చూసింది. పువ్వు తెంపి, తడిసిన జడలో తన చేత్తోనే తురిమింది.

"రేపు నన్ను జర హాస్టల్ కాడికి తీస్కపోరా. ఈ పిల్ల వాళ్లమ్మను ఒకటి అడగాలె."

"నీళ్లేనా నాయనమ్మా? వానలు పడ్డయ్ గదా, ఇంకెందుకు?"

"నీళ్లెందుకురా పిచ్చోడా! పిల్లను అడుగుత."