మౌనవ్రతానికి రెండు మిల్లీ ఆంపియర్లు

“ఆ పిలక అడ్డం వస్తోందండీ. క్యాప్ కూర్చోవట్లేదు. కొంచెం కత్తిరిస్తే...”

కుర్చీలో ఉన్న చంద్రమౌళి రెండు చేతులతో తల పట్టేసుకున్నాడు. “కు... కుద... రదండీ!” ఒక్క మాటకే గొంతు రెండుసార్లు బిగుసుకుంది.

సత్యప్రియ నిట్టూర్చింది. కత్తెర పిలకకు కాకుండా క్యాప్‌కే పెట్టింది. వెనకాల రంధ్రం చేసి, అందులోంచి పిలకను బయటికి లాగింది. అద్దంలో చూసుకుని అతను పగలబడి నవ్వాడు.

“చూశారా, నవ్వు ఎక్కడా తెగలేదు. మీ గొంతులో లోపమేం లేదు. మాట్లాడమని మెదడు పంపే సిగ్నల్లోనే గజిబిజి. అందుకే నవ్వితే బావుంటుంది, మంత్రం చదివితే బావుంటుంది. మాట్లాడితేనే పట్టేస్తుంది.”

దిండిలో పుట్టి, బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివి, అమలాపురం వాయిస్ క్లినిక్‌లో, తలకు సన్నగా కరెంటు పెట్టే ఈ మెషీన్ నడుపుతోంది సత్యప్రియ. క్యాప్ కింద ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజీలు, రెండు మిల్లీ ఆంపియర్లు, ఇరవై నిమిషాలు. అంతసేపూ పేషెంటు మాట్లాడుతూనే ఉండాలి.

“షాక్... కొడుతుందాండీ?”

“చీమ కుట్టినట్టుంటుంది. ఇంకా రీసెర్చ్‌లో ఉన్న వైద్యం, గ్యారంటీ ఇవ్వను. ఇరవై సిట్టింగులు. మంత్రంలా రాగం తీస్తే మాత్రం ఒప్పుకోను.”

ఏడాదిగా ఊళ్లవాళ్లంతా చంద్రమౌళి మౌనవ్రతంలో ఉన్నాడనుకుంటున్నారు. పూజలో గంటసేపు గణగణ మంత్రాలు చదివి, అది కాగానే పెదవి విప్పని పురోహితుణ్ని ఇంకేమనుకుంటారు? దణ్ణాలు రెట్టింపయ్యాయి. నిజం చెప్పాలన్నా గొంతు కావాలి కదా!

ప్రాక్టీసు షీట్‌లో ‘బస్సు వచ్చింది’, ‘గాలి వీస్తోంది’ లాంటి వాక్యాలుండేవి. ఐదో రోజుకు అతనికి ఆ బస్సు మీద విరక్తి పుట్టింది.

“సొంత వాక్యం... చెప్పొచ్చాండీ?”

“చెప్పండి.”

“నిన్న మీరు... వేసుకున్న ఆకుపచ్చ... చుడీదార్... బావుందండీ.”

“మూడుచోట్ల పట్టేసింది. మళ్లీ.”

చెప్పాడు.

“రెండుచోట్ల. మళ్లీ.”

నాలుగోసారి చెప్పించాక గానీ ఆమెకు తెలియలేదు, తను వింటున్నది గొంతును కాదని.

పంతొమ్మిదో రోజు బయట వాన. లోపల అతను తడబడకుండా అన్నాడు: “సిట్టింగులైపోయేక మీ ఇంటికొస్తానండీ. మీ నాన్నగారిని అడగడానికి. మీకిష్టమైతేనే.”

సత్యప్రియ మీటర్ చూస్తున్నట్టు నటించింది. మీటర్ ఆఫ్‌లో ఉంది. “ఇష్టమే. కానీ మాట్లాడి అడగాలి. కాగితం మీద రాసిచ్చినా, రాగం తీసినా నేను లోపలికెళ్లిపోతా.”

ఆ ఆదివారం దిండి వెళ్లాడు. సత్యప్రియ తండ్రి నాగేంద్రకు అక్కడ హౌస్‌బోటు ఉంది. కిందటేడు దానికి పూజ చేసింది చంద్రమౌళే. అతన్ని చూడగానే నాగేంద్ర వంగిపోయాడు.

“గంగా! మౌనవ్రతం పంతులుగారొచ్చేరు, కుర్చీ వెయ్యి!”

“నేను...”

“అయ్యబాబోయ్, మాట్లాడకండి! మా గుమ్మంలో వ్రతం భంగమైతే ఆ పాపం మాకు చుట్టుకుంటది!”

“అది కాదండీ...”

“ఊరుకోండి బాబూ!” ఆయన భార్య గంగాదేవి ఏకంగా చెవులు మూసేసుకుంది.

గొంతు బిగుస్తోంది. మంత్రంలా అందుకుంటే సులువే, ఇద్దరూ చేతులు జోడించి వింటారు కూడా. గుమ్మంలో నిలబడ్డ సత్యప్రియను చూసి అతను ఊపిరి తీసుకున్నాడు.

“వ్రతం కాదండీ, జబ్బు. మాట పట్టేస్తుంది. ఏడాదిగా మీకు చెప్పలేకపోయేను. వైద్యం చేసింది మీ అమ్మాయిగారే. ఆవిడంటే నాకిష్టం. పెళ్లి చేసుకుంటాను... మీరొప్పుకుంటే.”

ఒక్కచోటే పట్టింది. సత్యప్రియ లెక్కపెట్టింది.

నాగేంద్ర తన రెండు చేతులూ చూసుకున్నాడు. “అయితే ఏడాదిగా నేను దణ్ణాలు పెట్టింది జబ్బుకాండీ?”

“ఆయ్.”

“మరి మీ నాన్నగారేమన్నారు?”

“నిన్న చెప్పేనండీ. గంటసేపు నోరు విప్పలేదు. అదీ అసలు మౌనవ్రతం! తర్వాత, పిలక జోలికి రాని పిల్లయితే సరేనన్నారు.”

గంగాదేవి చేతులు ఎప్పుడో చెవుల మీంచి దిగిపోయాయి. “జబ్బు తగ్గినట్టేనా అమ్మా?”

“తగ్గుతోంది. కానీ రోజూ మాట్లాడిస్తూ ఉండాలి.”

“ఎన్నాళ్లు?”

“ఓ యాభై అరవై ఏళ్లు,” అంది సత్యప్రియ.

నాగేంద్ర ఫక్కున నవ్వాడు. “లోపలికి రండి అల్లుడుగారూ. ముందు నా దణ్ణాలన్నీ నాకు తిరిగిచ్చెయ్యండి!”

చంద్రమౌళి నవ్వుతూ వంగి ఆయన కాళ్లు తాకాడు. లేచేటప్పుడు పిలక ముందుకు పడింది. ఇరవై సిట్టింగుల అలవాటు మరి, సత్యప్రియ చెయ్యి తనంతట తనే దాన్ని వెనక్కి సర్దేసింది, అమ్మానాన్నల ముందే.